తువ్వాల కింద నా ధర

నేను ఒక గ్రైండర్ని. మిక్సీ అనుకునేరు, ముందే చెబుతున్నాను, ఆ జాతి వేరు, నా జాతి వేరు. అది గీపెట్టి పచ్చడి చేస్తుంది, నేను గుంభనంగా పిండి చేస్తాను. పెళ్లిళ్లలో కానుకగా చదివించే బుల్లి గ్రైండర్ని కూడా కాదు. హోటలు గ్రైండర్ని. నన్ను జరపాలంటే నలుగురు మగాళ్లు పట్టాలి, జరిపాక ఆ నలుగురూ నడుములు పట్టుకుని కాసేపు కూర్చోవాలి. ఇంత బరువు దేనికని అడిగేవాళ్లుంటారు. బరువు లేని రాయి కింద మినప్పప్పు నలుగుతుందే గానీ పొంగదు. ఆ సంగతి తెలియని వాళ్లతో నేను మాట పెట్టుకోను.

పుట్టింది కోయంబత్తూరు దగ్గర. నా ఒంటికి గాట్లు పెట్టిన పనివాడు బీడీ కాలుస్తూ, మధ్యమధ్య ఉలితో నన్ను తట్టి చెవి ఒగ్గి వినేవాడు. మంచి రాయి ఖంగుమనాలి. నేను ఖంగుమన్నాను. నా పక్కన కూర్చున్న రాయి బద్దుమని మొద్దుగా పలికింది, దాన్ని తీసుకెళ్లి గుమ్మం ముందు మెట్టుగా వేశారు. ఆ రోజు నుంచీ నాకు కాస్త గర్వం ఎక్కువేనని ఒప్పుకుంటాను. ఉండాలి కూడా. గర్వం లేని రాయి మెట్టవుతుంది.

తర్వాత నాకు స్టీలు డ్రమ్ము తొడిగారు, మోటారు బిగించారు, బెల్టు తగిలించారు, లారీ ఎక్కించారు. దిగేసరికి ఒంగోలు. లోకానికి ఒంగోలు అనగానే గిత్తలు గుర్తొస్తాయి. ఆ ఊళ్లో ఇడ్లీ కూడా ఉంటుందని, అది దూదిలా ఉంటుందని, దాని వెనక ఒక రాయి ఉంటుందని ఎవరికీ గుర్తు రాదు. మొదట్లో నాకు ఆ గిత్తల మీద చాలా కోపంగా ఉండేది. చిత్రమేమిటంటే నన్ను కొన్న మనిషి ఆ గిత్తల బేరాలు చేసి బతికినవాడే.

ఆయన పేరు చెంచురామయ్య. పశువుల సంతల్లో దళారి. ట్రాక్టర్లు వచ్చి ఎద్దుల బేరాలు తగ్గిపోయాక, ఒంగోల్లో ఒక సందు మొదట్లో టిఫిన్ హోటలు పెట్టాడు. సంత మానేశాడు గానీ సంతలో భుజాన వేసుకున్న తువ్వాలు మాత్రం మానలేదు. గల్లాపెట్టె దగ్గర కూర్చున్నా అది భుజం మీదే ఉండేది. లోపల వంటింట్లో నా దగ్గర నిలబడింది ఆయన భార్య సుబ్బరత్తమ్మ.

ఆమె చెయ్యి గురించి నేను ఎంత చెప్పినా తక్కువే. పప్పు పోసి, పక్కన చెంబు పెట్టుకుని, నీళ్లు చిలకరిస్తూ ఉండేది. ఒక్క దోసెడు ఎక్కువైతే పిండి జారిపోతుంది, తక్కువైతే బిగుసుకుపోతుంది. నా చప్పుడు మారితే ఆమె చెంబు మీద చెయ్యి వేసేది. చివర్లో కాస్తంత పిండి తీసి నీళ్లలో వేసేది. అది తేలితే నన్ను ఆపేది, మునిగితే ఆపేది కాదు. ఇంతచేసీ బయట జనం ఏమనేవాళ్లో తెలుసా? చెంచురామయ్య ఇడ్లీ అనేవాళ్లు. గల్లాపెట్టె దగ్గర కూర్చున్నవాడు ఒక్క మినపబద్దయినా నానబోసి ఎరగడు. సుబ్బరత్తమ్మ ఆ మాట విని నవ్వి ఊరుకునేది. నేను ఊరుకోలేక గరగరలాడేదాన్ని, బెల్టు వదులైందనుకుని బిగించేవాళ్లు.

అలా ముప్పై ఏళ్ల పైమాటే గడిచింది. ఆమె మోకాళ్లు అరిగాయి, నేను అరగలేదు. రెండేళ్లకోసారి గాట్లు పెట్టిస్తే మళ్లీ కొత్త రాయినే. చివరికి ఆ స్థలం సొంతదారు హోటలు పడగొట్టి షాపులు కడతానన్నాడు. నెలాఖరుకి ఖాళీ చేయాలి. వాళ్లుండే ఇల్లు రెండు గదులది, అందులో నేను పట్టను. బెంచీలు పోయాయి, ఇడ్లీ పాత్రలు పోయాయి, గల్లాపెట్టె కూడా పోయింది. ఖాళీ హోటల్లో నేనొక్కదాన్నే మిగిలాను.

వాళ్లబ్బాయి తిరుమలేషు ఆ వీధి చివరే సెల్‌ఫోన్ల దుకాణం నడుపుతాడు. పాత సామాన్లు అమ్ముకునే చోటు ఫోనులోనే ఉందని, అక్కడ పెడితే రెండు రోజుల్లో పోతుందని తండ్రికి నచ్చజెప్పాడు. నన్ను తడిబట్టతో తుడిచి, నాలుగు వైపుల నుంచి ఫోటోలు తీశాడు. వెనకవైపు ఫోటోలో నా మోటారు కాస్త మసకగా పడింది, అది తప్ప మిగతావి బాగున్నాయనే చెప్పాలి. ఇక ధర రాయాలి. అక్కడొచ్చింది తంటా.

ధర రాయడానికి వీల్లేదన్నాడు చెంచురామయ్య. సంతలో నలుగురి ముందు పశువు ధర నోటితో అనడం దాన్ని అవమానించడమేనట. వాళ్ల పద్ధతి వేరు. అమ్మేవాడూ కొనేవాడూ ఎదురెదురుగా నిలబడతారు, ఇద్దరి చేతుల మీద తువ్వాలు కప్పుతారు. లోపల ఒకరి వేళ్లు ఒకరు పట్టుకుంటారు. ఎన్ని వేళ్లు పడితే అంత ధర. ఒప్పుకుంటే చెయ్యి బిగిస్తారు, లేకపోతే విదిలిస్తారు. పైకి మాత్రం వానల గురించో, వాళ్ల ఊళ్లో పెళ్లి గురించో మాట్లాడుతుంటారు. చుట్టూ నిలబడ్డవాళ్లకి ఒక్క ముక్క తెలియదు. బేరం కుదిరాక కూడా ఆ ధర ఇద్దరి మధ్యే ఉండాలి. ఒకసారి ఒక తువ్వాల కింద కొనేవాళ్ల చెయ్యి ఒక్కటే ఉండాలి. ముందు పట్టిన చెయ్యి వదిలేదాకా రెండో చెయ్యి పట్టకూడదు. ఈ చట్టమంతా ఆయన కొడుక్కి చెప్పాడు. తిరుమలేషు ఫోను వైపు చూస్తూ విన్నాడు.

కానీ ఫోను ఖాళీ గడి ఒప్పుకోదు. ఏదో ఒక అంకె వెయ్యమంటుంది. తిరుమలేషు విసుగొచ్చి ఒకటి వేశాడు.

ఒక్క రూపాయి! నా ధర! గుమ్మం ముందు మెట్టయిన ఆ బద్దు రాయికి కూడా అంతకంటే ఎక్కువ పలికి ఉంటుంది. ఆ రోజు నాకు కరెంటు లేదు గాబట్టి సరిపోయింది, లేకపోతే ఎవరి వేళ్లయినా పోయేవి.

ఇక చూడండి, మెసేజీలు. తిరుమలేషు నా మూత మీద చెయ్యి ఆనించి కూర్చుని తండ్రికి పైకి చదివి వినిపించేవాడు. అందుకే నాకన్నీ తెలుసు. సగం మంది హాయ్ అని పెట్టి మాయమైపోయారు. మిగతా సగం మంది లాస్ట్ ఎంత అని అడిగారు. మొదలెంతో తెలియకుండా లాస్ట్ ఎంతని అడగడం ఏం తెలివో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఒకాయన రూపాయి ఇప్పుడే పంపుతున్నాను, గ్రైండర్ ఇంటికి చేర్చండి అన్నాడు. ఇంకొకాయన డబ్బు లేదుగానీ చేపల తొట్టి ఉంది, మార్చుకుందామా అన్నాడు. ఒకావిడ రాయి రంగు బాగుంది, కొంచెం లేత రంగులో ఉందా అని అడిగింది. ఒకడు పాతది గదా అని సగానికి అడిగాడు, దేనిలో సగమో చెప్పలేదు. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అని ఊరికే అనలేదు పెద్దలు.

చెంచురామయ్యకి ఇందులో ఒక్కటి మాత్రం బాగా నచ్చింది. ఒకరితో మాట్లాడేది ఇంకొకరికి కనపడదని, ఎవరి గది వాళ్లదేనని కొడుకు చెప్పినప్పుడు ఆయన మొహం వెలిగిపోయింది. "అంటే తువ్వాలే గదరా," అన్నాడు. అప్పటి నుంచీ ఎవరైనా కాస్త మర్యాదగా అడిగితే, తువ్వాల కిందికి రమ్మను అనేవాడు. కొడుకు అది టైపు చేయలేక నవ్వుకునేవాడు.

అలా ఉండగా ఒక గొంతు వచ్చింది. రాత కాదు, వాయిస్ మెసేజీ.

"అన్నా, నా పేరు మస్తాన్‌బీ. రైలుపట్టాల అవతల పేటలో ఉంటాం. ధర తరవాత మాట్లాడుకుందాం గానీ, ముందు ఒక్క మాట చెప్పన్నా. రుబ్బడం అయినాక పిండిలో చెయ్యి పెడితే చల్లగా ఉంటదా, వెచ్చగా ఉంటదా?"

నన్ను చూసి ఇంతమంది ఇన్ని అడిగారు, అసలు అడగాల్సింది అడిగిన మనిషి ఈమె ఒక్కతే. వేడెక్కిన పిండి పులిసిపోతుంది, ఇడ్లీ గట్టిపడుతుంది. గ్రైండర్ గొప్పతనమంతా ఆ చల్లదనంలోనే ఉంది. తిరుమలేషుకి జవాబు తెలియదు. వెనకవైపు గిన్నెలు సర్దుకుంటున్న తల్లిని కేకేసి అడిగాడు. మంచులా ఉంటదని చెప్పమని, ఎవరా అడిగిందంటూ సుబ్బరత్తమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి నా పక్కనే పీట వేసుకుని కూర్చుంది. ఆ తర్వాత ప్రతి మెసేజీ ఆమె కూడా విన్నది.

మస్తాన్‌బీ సంగతి మెల్లగా తెలిసింది. ఇంట్లో చిన్న గ్రైండర్లు రెండు పెట్టుకుని దోసెపిండి, ఇడ్లీపిండి ప్యాకెట్లు అమ్ముతుంది. ఆడపిల్లల హాస్టలొకటి కొత్తగా తెరుస్తున్నారు. రోజూ పిండి ఇవ్వగలవా అని వార్డెనమ్మ అడిగితే ఈమె క్షణం ఆలోచించకుండా ఇస్తానంది. సోమవారం పొద్దున నుంచి మొదలు. ఆ పిండి చిన్న గ్రైండర్లతో అయ్యే పని కాదు, ఒకదానికి అప్పుడే మోటారు కాలిపోయింది. సోమవారం పిండి అందకపోతే హాస్టలు వేరేవాళ్లకి పోతుంది, ఇక రాదు. రోట్లో తల పెట్టాక రోకటిపోటుకి వెరిస్తే ఎట్టా అన్నా, అని నవ్వింది. నవ్వు కింద భయం ఉంది. ముప్పై ఏళ్లు వంటింట్లో ఉన్న నాకు ఆడవాళ్ల నవ్వులు తెలుసు.

ఇక మూడు పూటలు బేరం సాగింది. అబ్బో, ఏం బేరం! చెంచురామయ్య ధర నోటితో చెప్పడు గదా, కొడుకు చెయ్యి లాక్కుని తువ్వాలు కప్పి వేళ్లు పట్టుకునేవాడు. తిరుమలేషు ఆ వేళ్లు లెక్కపెట్టి ఇంకో చేత్తో టైపు చేసేవాడు. ఆమె వెంటనే బదులివ్వదు. ఒక పూటంతా మాట్లాడదు. తర్వాత మా ఆయన్ని అడిగి చెబుతానన్నా అంటుంది. వాళ్లాయన ట్రాలీ ఆటో తోలుకునే మనిషి, పాపం ఆయన్ని ఎవరూ ఏదీ అడగలేదని నా నమ్మకం. ఒకసారి బెల్టు పాతదంటుంది, ఒకసారి ఫోటోలో మోటారు మసకగా ఉంది, ఎందుకు దాచారంటుంది. నాకు కోపం రాలేదు. నాలో తప్పు వెతికేవాళ్లే నన్ను నిజంగా కొనేవాళ్లు. పొగిడేవాళ్లు కొనరు.

చెంచురామయ్య మురిసిపోయాడు. "ఎవర్రా ఈ పిల్ల, సంతలో పుట్టినట్టుంది," అన్నాడు. శనివారం మధ్యాహ్నానికి బేరం కుదిరింది. ఆదివారం పొద్దున్నే ఆటో తెచ్చుకుని వచ్చి తీసుకుపోతానంది. ఆ రోజు నేను ఎంత హాయిగా ఉన్నానో చెప్పలేను. హాస్టలు, అంతమంది పిల్లలు, రోజూ పిండి! ముసలితనం వచ్చిందన్న వాళ్ల నోట్లో మినపపిండి కొట్టినట్టు అనుకున్నాను.

ఆదివారం పొద్దున్నే వీధిలో ఆటో ఆగిన చప్పుడైంది. ఒకటి కాదు, రెండు.

మొదటి దాంట్లోంచి దిగింది మస్తాన్‌బీ కాదు. మాలకొండయ్య అని, మూసేసిన హోటళ్ల సామాన్లు కొని విడదీసి అమ్ముకునే వ్యాపారి. వెంట నలుగురు మనుషులు, తాళ్లు, గునపం. వస్తూనే నా మోటారు మీద చెయ్యి వేసి ఇది పనికొస్తుందన్నాడు. రాళ్లు ఎవరో తోటలో ఫౌంటెన్ కింద పెట్టుకోడానికి అడిగారట. ఫౌంటెన్ కింద! నేను! నీళ్లు నా మీద నుంచి పోతుంటే పిల్లలు ఫోటోలు దిగుతారన్నమాట. ఖంగుమన్న నా బతుక్కి అది ముగింపు.

అతని వెనకే రెండో ఆటోలోంచి మస్తాన్‌బీ దిగింది. నేను ఊహించినదాని కంటే చిన్న మనిషి. కొంగు నడుముకి దోపి వచ్చింది. గునపం చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

అసలు సంగతి తిరుమలేషు నోటి నుంచి నసుగుతూ బయటికొచ్చింది. ఫోనులో వస్తామన్న వాళ్లు పదిమందిలో ఒక్కరు కూడా రారట. అందుకని మాలకొండయ్యతో వేరే గదిలో వేరే బేరం నడిపాడు. శుక్రవారం నాడే అతనికి సరే అన్నాడు. వాడు రాడులే అనుకుని శనివారం తండ్రి పట్టిన వేళ్లు లెక్కపెట్టి ఈమెకీ సరే అన్నాడు. ఇద్దరిలో ఎవరు ముందొస్తే వాళ్లకి ఇద్దామనుకున్నాడట. ఇద్దరూ ఒకేసారి వస్తారని లోకంలో ఏ అమ్మేవాడూ అనుకోడు.

చెంచురామయ్య మొహం చూడాలి. ఒక తువ్వాల కింద ఇద్దరు కొనేవాళ్ల చేతులు! ఆయన బతుకులో అలాంటి పని జరగలేదు. తువ్వాలు భుజం మీద నుంచి తీసి, మడిచి, మళ్లీ వేసుకున్నాడు. ఆ తర్వాత మస్తాన్‌బీ వైపు తిరిగి, ముందు మాట వీళ్లదని, అది ఎవరి నోట్లోంచి వచ్చినా తన మాటేనని, తానేమీ చేయలేనని చెప్పాడు. నేనేమీ ఆయన్ని తప్పు పట్టను. తన చట్టం తనకి నష్టమైనా, ఇష్టం లేకపోయినా దాటని మనిషి. కానీ ఆ చట్టం నన్ను ఫౌంటెన్ కిందికి తోస్తోంది గదా.

మస్తాన్‌బీ ఏడవలేదు, అరవలేదు. "పెద్దయ్యా, రేపు తెల్లారేటప్పటికి హాస్టల్లో పిండి దించాల," అంది. "లేదంటే ఇంకోళ్లకిస్తారు. నేను అడిగేది అదొక్కటే. ఇది కాకపోతే ఇంకోటి ఇయ్యాళ ఒక్కరోజులో యాడ దొరుకుద్దో నువ్వే చెప్పు."

మాలకొండయ్య మనుషులు తాళ్లు నా చుట్టూ తిప్పడం మొదలుపెట్టారు. సిగ్గు లేకుండా చెబుతున్నాను, ఆ క్షణంలో నాకు భయం వేసింది.

అప్పుడు వెనక గదిలోంచి సుబ్బరత్తమ్మ వచ్చింది. మోకాళ్ల నొప్పులు గదా, గోడ పట్టుకుని మెల్లగా వచ్చింది. తాళ్లు పట్టుకున్నవాణ్ణి కాస్త ఆగు నాయనా అంది. వాడు ఆగాడు. భర్త ముందుకొచ్చి నిలబడింది.

"ఏమయ్యా, సంతలో పశువు సొంతదారు లేకుండా దళారి తనంతట తాను అమ్మితే ఆ బేరం చెల్లుద్దా?"

"చెల్లదు," అన్నాడు ఆయన. ఆలోచించకుండానే అన్నాడు, అది ఆయనకి ఊపిరంత అలవాటైన మాట.

"మరి ఈ గ్రైండర్ ఎవురిది?"

"మనదే గదే."

"నాది. మా పుట్టింటోళ్లు నాకు అరణమిచ్చిన గేదెను తోలకపోయి అమ్మి కొన్నావు. నా చెయ్యి యాడుంది ఈ బేరంలో? వాడు సరే అన్నా చెల్లదు, నువ్వు సరే అన్నా చెల్లదు."

ముప్పై ఏళ్లుగా నేను ఆ గేదె సొమ్మునని నాకే తెలియదు. నా పుట్టుక కోయంబత్తూరు అనుకుంటూ వచ్చాను. నిజానికి నేను ఒక పాడిగేదె బదులు వచ్చినదాన్ని. దాని పాలకి బదులుగా ఇన్నేళ్లూ తెల్లటి పిండి ఇచ్చాను. అది తెలిసి నాకు సిగ్గు కలగలేదు, గర్వం ఇంకో మెట్టెక్కింది.

మాలకొండయ్య వ్యాపారే గానీ పల్లెటూరివాడు. అరణమంటే ఏమిటో వివరించనక్కర్లేదు. పుట్టింటివాళ్లు ఆడపిల్ల చేతిలో పెట్టిన పశువు ఆమెదే, దాని మీద మొగుడికి కూడా హక్కు లేదు. గొణుగుతాడనుకున్నాను. కాసేపు తల గోక్కున్నాడు. "ఆడబిడ్డ సొమ్ము నాకు అచ్చిరాదు తల్లీ," అన్నాడు. తాళ్లు విప్పించాడు. ఆటో కిరాయి మాత్రం ఇప్పించమన్నాడు, న్యాయమే గదా. తిరుమలేషు జేబులో చెయ్యి పెట్టాడు. నేను గమనించాను, అక్కడ మాత్రం అతను బేరమాడలేదు.

ఇప్పుడు సుబ్బరత్తమ్మ భర్త భుజం మీద చెయ్యి వేసి తువ్వాలు లాక్కుంది. మస్తాన్‌బీని దగ్గరికి పిలిచింది. ఆడది తువ్వాల బేరం చేయడం ఏ సంతలోనూ ఎవరూ చూసి ఉండరు. ఇద్దరూ నాకు చెరోవైపు నిలబడ్డారు. చేతులు నా డ్రమ్ము అంచు మీద ఆనాయి, పైన తువ్వాలు పడింది.

ఆ తువ్వాల కింద ఏం జరిగిందో లోకంలో ముగ్గురికే తెలుసు. ఒకటి నీళ్లలో నాని నాని చర్మం మెత్తబడిన ముసలి చెయ్యి. రెండోది నూనె చిట్లి మచ్చలు పడిన పడుచు చెయ్యి. మూడోది నేను. పైకి వాళ్లు మినప్పప్పు గురించి మాట్లాడుకున్నారు. పొట్టుపప్పు మంచిదా, గుళ్లు మంచివా అని. లోపల వేళ్లు మాట్లాడుకున్నాయి. ధర చెప్పను గానీ ఒక్కటి చెబుతాను. ఒకసారి అమ్మే చెయ్యి తనంతట తానే ఒక వేలు తగ్గించింది. కొనే చెయ్యి ఊరుకోలేదు. ఆ వేలు వెతికి పట్టుకుని మళ్లీ నిలబెట్టింది. జాలి పడొద్దు పెద్దమ్మా అని పైకి అనలేదు, అక్కర్లేదు కూడా. సుబ్బరత్తమ్మ ఆ పిల్ల మొహంలోకి చూసి చెయ్యి బిగించింది. బేరం అయిపోయింది. ఇన్నేళ్లలో నా మీద ఎన్ని చేతులు ఆనాయో, అంత బరువున్న చేతులు మాత్రం అవే.

తర్వాత మస్తాన్‌బీ డబ్బు కొంగులోంచి తీసి సుబ్బరత్తమ్మ చేతిలో పెట్టింది. ఆమె లెక్క చూసుకోకుండా జాకెట్టులో దోపుకుంది. కొసరు ఏమిస్తావు పెద్దమ్మా అంటే, నీళ్లు చిలకరించే తన పాత ఇత్తడి చెంబు తెచ్చి ఇచ్చింది. నన్ను మొయ్యడానికి మనుషులు కావాలి గదా. మస్తాన్‌బీ వాళ్లాయన, తిరుమలేషు వీధిలోకి వెళ్లి ఇంకో ఇద్దర్ని వెతుకుతున్నారు. మస్తాన్‌బీ ఆటోలో నాకోసం గోనెపట్టాలు పరుస్తోంది. లోపల భార్యాభర్తలిద్దరూ నా పక్కన మిగిలారు.

చెంచురామయ్య కాసేపు అటూ ఇటూ తిరిగాడు. గొంతు సవరించుకున్నాడు. ఇక ఆగలేకపోయాడు.

"ఎంతకిచ్చావే?"

సుబ్బరత్తమ్మ నవ్వలేదు. "ముందు నా గేదెను ఎంతకమ్మావో చెప్పు," అంది.

ఇన్నేళ్లూ ఆమె అడగలేదు, ఆయన చెప్పలేదు. తువ్వాల కింది ధర పైకి చెప్పకూడదన్న చట్టం ఒకటి ఆయనకి అడ్డం పడి ఉంది. ఆఖరికి ఆమె చేతిలోని తువ్వాలు మెల్లగా అందుకున్నాడు. నా అంచు మీద ఆమె చెయ్యి ఆనించి, పైన కప్పి, తన చెయ్యి లోపలికి పోనిచ్చాడు. ఇన్నేళ్ల కాపురంలో ఆయన ఆమె చెయ్యి పట్టుకోవడం నేను చూడలేదు. వేళ్లు ఒక్కొక్కటే పట్టించాడు. ఆమె లెక్కపెట్టుకుంది. మళ్లీ ఒకసారి పట్టించమంది. పట్టించాడు.

"మా అన్న పలుకుద్దన్నదానికంటే ఎక్కువే తెచ్చావే!"

"ఆ సంతలో అంత పలికిన గేదె ఇంకోటి లేదు," అన్నాడు. గొంతులో గర్వం దాగలేదు.

"మరి ఈ ముక్క అప్పుడే చెబితే నీ సొమ్మేం పోయింది? తేరగా పారేశాడని మా వదిన ఎత్తిపొడిస్తే ఇన్నేళ్లూ తల దించుకున్నాను గదయ్యా."

"తువ్వాల కింది మాట బయటోళ్లకి చెప్పకూడదు గదే."

"నేను బయటిదాన్నా?"

సంతలో ఎంతటి ఆసామినైనా మాటతో పడగొట్టినవాడు, ఆ ఒక్క మాటకి పడిపోయాడు. కళ్లు తడిశాయి. తప్పైపోయిందే అన్నాడు, గుసగుసగా కాదు, పైకే అన్నాడు. ఆమె చెయ్యి వెనక్కి తీసుకోలేదు. తువ్వాల కింద ఇద్దరి చేతులూ అలాగే ఉన్నాయి. బయట మనుషులు దొరికారని తిరుమలేషు కేకేస్తున్నాడు.

"మరి నీ బేరం ఎంతో చెప్పవా?" అని మెల్లగా అడిగాడు చెంచురామయ్య.

సుబ్బరత్తమ్మ అప్పుడు తీసింది చెయ్యి. "ముప్పై ఏళ్లాగు, చెబుతా," అంది.

ఇప్పుడు నేను పట్టాల అవతల పేటలో, రేకుల వసారాలో ఉంటున్నాను. మర్నాడు తెల్లారేసరికి హాస్టలుకి పిండి వెళ్లింది. ఆ పిల్లలు ఇడ్లీ మెత్తగా ఉందని మెచ్చుకున్నారట, మస్తాన్‌బీ ఇడ్లీ అంటున్నారట. ఈసారి నాకు కోపం రాలేదు, ఎందుకంటే రుబ్బిన మనిషి పేరే అన్నారు. చెంచురామయ్య అప్పుడప్పుడు పిండి ప్యాకెట్ కోసమన్నట్టు ఇంత దూరం నడిచి వస్తాడు. కుశలమడిగి, వానల గురించి మాట్లాడి, మధ్యలో ధర సంగతి తెస్తాడు. పెద్దమ్మ చెప్పమంటే చెబుతాను పెద్దయ్యా అంటుంది మస్తాన్‌బీ. ఆయన నవ్వి, నా అంచు మీద చెయ్యి ఆనించి కాసేపు నిలబడి, ప్యాకెట్ తీసుకుని వెళ్లిపోతాడు. సుబ్బరత్తమ్మ గేదె ధర, నా ధర రెండూ తెలిసిన రాయిని నేను. రెండిట్లో ఏది ఎక్కువో కూడా నాకు తెలుసు. మీరు అడిగినా చెప్పను.